ఉప్పుచెయ్యక్క ముప్పై రెండో తీర్పు

అందరూ చెమటోడ్చి బతుకుతున్నామంటారు. మాటవరసకి అంటారు. ఆవిడ మాత్రం అక్షరాలా చెమట మీదే బతికింది, ఇరవై ఆరేళ్లు.

కెమెరా లెన్సుల ఇత్తడి రింగులకు నల్లపూత వేసే షెడ్డులో ఆవిడ పని ఒక్కటే. పూత వేసిన రింగును అరచేతిలో పట్టుకుని, ఫొటోలు తీసేవాళ్లు తిప్పినట్టు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పడం. పదిహేను రోజులు తిప్పినా, చేతి చెమటకు పూత లేచి లోపలి ఇత్తడి బయటపడకపోతే పూత పాసు. ఆవిడ చెమట సామాన్యమైంది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ ముట్టిన చెంబల్లా మచ్చలు తేలుతుంటే, "నీ చెయ్యి తగిలితే ఇత్తడి కూడా ఏడుస్తుందే" అని అత్తగారు దెప్పేది. ఆ దెప్పించుకున్న చెయ్యే ఇల్లు నిలబెట్టింది. పెద్ద చదువులవాళ్లు కలిపి తెచ్చిన పూతల్ని ముప్పై ఒక్కటి తిప్పికొట్టింది. మామూలు మాటా? షెడ్డంతా ఆవిణ్ణి "ఉప్పుచెయ్యక్క" అనేది.

ఈమధ్య ఒళ్లు బరువెక్కింది. సాయంత్రమయ్యేసరికి మణికట్టు మాట వినడం లేదు. అయినా కొత్త పూత రింగును పదిహేను రోజులూ తిప్పింది. ఎక్కడా చెక్కుచెదరలేదు. సూపర్‌వైజరు ఎగిరి గంతేశాడు.

"అక్కా, నీ చేతిలో నెగ్గిందంటే ఇక తిరుగులేదు! వచ్చే నెల రెండు వేల లెన్సులకు ఇదే వేసేస్తాం."

ఆవిడకు నమ్మకం కుదరలేదు. ఎప్పుడూ తన చెయ్యి తగిలి నల్లబడే ఇంటి తాళంచెవి కొన్నాళ్లుగా మెరుస్తూనే ఉంటోంది మరి. పన్నెండేళ్ల కిందట ఆవిడ చెయ్యి ఒక చచ్చు పూతను నాలుగు రోజుల్లో వలిచి పారేసింది. అదే పూత వేసిన రింగు ఇంకొకటి, ఎవరూ తిప్పనిది, సొరుగు అడుగున ఉంది. తీసి తిప్పడం మొదలెట్టింది. నాలుగు రోజులు. ఆరు. తొమ్మిది. అది నిగనిగలాడుతూ వెక్కిరించింది.

పదో రోజు రెండు రింగులూ సూపర్‌వైజరు బల్ల మీద పెట్టింది.

"నెగ్గింది నీ పూత కాదు తమ్ముడూ. ఓడింది నా చెయ్యి. చెమట ఎండిపోయింది."

"ఊరుకో అక్కా! ఎవరు చూడొచ్చారు? ఇంకో రెండేళ్లు ఇలాగే కూర్చుంటే హాయిగా రిటైరవుతావు. చేజేతులా సీటు పోగొట్టుకుంటావా?"

రెండేళ్లు. కిటికీ పక్క కుర్చీ, మోకాళ్లకు అలవాటైన చోటు. ఆవిడ రిజిస్టరు లాక్కుని, గుండ్రటి అక్షరాలతో రాసింది: "పరీక్ష చెల్లదు. చెయ్యి పనికిరాదు." కింద సంతకం. వెనక్కి పంపినవాటిలో ఇది ముప్పై రెండోది.

"అయ్యో, యజమానికి ఏం చెప్పను? నా పీక మీదకి తెస్తున్నావ్!"

"ఏదీ, నీ చెయ్యి ఇలా తే."

పట్టుకుని చూసింది. అరచెయ్యి చెమటతో తడిసి ముద్దయింది. చాన్నాళ్లకు ఆవిడకు నవ్వొచ్చింది.

"బంగారంలాంటి చెమటరా నీది!"

కొత్త పూత రింగును అతని అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"తిప్పు."