ఆదివారం మూలుగ ఎముకలు

1986 ఆగస్టు పదకొండు, సోమవారం, ఉదయం ఏడుంబావు. బెల్లంకొండలో అత్తగారింట్లో పళ్ళు తోముకుంటున్న నా చెల్లెలికి చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. మధ్యాహ్నమైనా ఆగలేదు. అప్పటికే చేతుల మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు ఉన్నాయి. వాటిని చూసి వాళ్ళత్త, "ఏమే, నా కొడుకు కొడతన్నాడని ఊరందరికీ చూపిస్తన్నావా?" అని పొడుగు చేతుల రవిక తొడిగించింది.

నేను నరసరావుపేటలో లెక్కల టీచర్ని. చెల్లెల్ని నా దగ్గరికి తెచ్చి ఆసుపత్రిలో చూపించాను. డాక్టరు తుంటి ఎముకలోకి సూది దింపి మూలుగ తీసి పరీక్షకు పంపాడు.

"రక్తానికి నారుమడి మూలుగేనమ్మా. మీ చెల్లెలిది ఎండిపోయింది. పైనుంచి ఎక్కించే రక్తం కొన్నాళ్ళు నిలబెడుతుంది, అంతే. ఒకే తల్లి పిల్లల మూలుగ ఎక్కిస్తే కొందరికి మళ్ళీ మొలుస్తుంది. తప్పకుండా బతుకుతుందని మాత్రం చెప్పలేను."

మేం ముగ్గురం: నేను, తమ్ముడు, చెల్లెలు. చెల్లెల్ని తీసుకుని మద్రాసు వెళ్ళి, నా మూలుగ తనకు సరిపోతుందేమోనని పరీక్ష చేయించుకున్నాను. నాది కుదరలేదు. మిగిలింది తమ్ముడు.

మా ఇంట్లో వేటమాంసం వండిన రోజు మూలుగ ఎముక తమ్ముడి కంచంలోకే వెళ్ళేది. ఆడపిల్లలకు మెడ ముక్కలు. వాడు ఎముకను కంచానికి టకటకా కొట్టి, లోపలిదంతా చీకి, ఆ గొట్టాన్ని కంటికి పెట్టుకుని "చూడండే, అవతలేపు కనపడతంది" అని మమ్మల్ని వెక్కిరించేవాడు. పెళ్ళయ్యేదాకా మా చెల్లెలు ఆ రుచి ఎరగదు.

నేను తమ్ముడుండే గురజాల వెళ్ళి, మూలుగ ఇమ్మని అడిగాను. వాడు తన మోకాలు తడుముకున్నాడు.

"అక్కా, నా కాలు చీకి పారేసిన ఎముకలాగా అయితే అరక నువ్వు తోల్తావా?"

"తుంటి నుంచి కొంచెం తీస్తార్రా. మళ్ళీ ఊరుతుంది."

"ఊరేదయితే దానికే ఊరేది గదా! మూలుగ లేకపోతే మూలుగ తినాలి. నేను పంపిస్తాలే."

మాట తప్పలేదు. అప్పటికి చెల్లెల్ని వాళ్ళత్త తిరిగి బెల్లంకొండ తీసుకుపోయింది. ప్రతి ఆదివారం బస్సు కండక్టరు చేతికిచ్చి వేటకాలి ఎముకలు పంపేవాడు. వాళ్ళత్త మిరియాలు వేసి కాచేది. చెల్లెలి నోరంతా పుండ్లు. కారం తగిలితే కళ్ళ వెంట నీళ్ళు కారేవి. "తోడబుట్టినోడు పంపిస్తే ఏడుస్తా తింటదేంది?" అనేది ఆవిడ.

నేను డాక్టర్ని అడిగాను, ఇందులో ఏమన్నా ఎముకకు చేరుతుందా అని.

"చేరదమ్మా. ఏ మాంసమైనా పొట్టలోనే అరిగిపోతుంది. రక్తపు విత్తనాన్ని పెంచే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి. పరదేశాల్లో వాటి మీద పని చేస్తున్నారు. దొరికినా సరిపోదు, దారిలో చెడకుండా ఎముక లోపలికి చేర్చాలి. ఆ దారి మన దగ్గర లేదు. మనకున్నది మీ తమ్ముడే."

ఆ మాట తమ్ముడికి ఉత్తరం రాశాను. జవాబుగా ఆ వారం రెండెముకలు ఎక్కువ వచ్చాయి.

1987 ఫిబ్రవరి ఒకటి, ఆదివారం. నేను వెళ్ళేసరికి వాళ్ళత్త చెల్లెలి దవడ పట్టుకుని ఎముక నోట్లో పెట్టి, "గట్టిగా చీకవే, అసలుది లోపలే ఉంటది" అంటోంది. ఎముక అంచు చిగురు కోసింది. ఎముక లాక్కుని బయటికి విసిరాను. బట్ట కుక్కి ఒత్తి పట్టుకున్నాను. సాయంత్రం బస్సులో ఆసుపత్రికి తెచ్చాం. నా ఒడిలో చెల్లెలి మూడేళ్ళ కూతురు. "అమ్మ తాంబూలం వేసుకుంది" అని అందరికీ చెబుతోంది. ఎక్కించిన రక్తం ఎక్కించినట్టే నోటి వెంట వచ్చింది. మంగళవారం తెల్లవారి అయిదున్నరకు పోయింది.

సమాధి దగ్గర మట్టి వేసి తమ్ముడు చేతులు దులుపుకున్నాడు.

"నేను చెయ్యాల్సింది చేశానక్కా. ఒక్క ఆదివారం తప్పలా."

దిబ్బ దిగి, ఊరి వైపు చకచకా నడిచిపోయాడు. ఆ కాళ్ళనే చూస్తూ నిలబడ్డాను.

పోయినవి: ఇరవై నాలుగేళ్ళ చెల్లెలు. మూడేళ్ళ పిల్లకు తల్లి. తమ్ముడి మూలుగ కుదిరేదో లేదో తెలుసుకునే వీలు. తమ్ముడి ఒంట్లోంచి పోయింది ఏమీ లేదు.