ఉయ్యాలకెక్కిన అడుగు గుడ్డ

పెడనలో మా అద్దకం షెడ్డు గుమ్మం పక్కన ఒక బోర్డు ఉంటుంది. "ఫోన్లు బుట్టలో పెట్టి లోపలికి రావలెను." ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక తడుముకోకుండా చదివిన మొదటి వాక్యం అదే. కొత్త డిజైన్లు బయటికి పోకూడదని యజమాని పెట్టించాడు. ఆయన భయం పరాయివాళ్ళ గురించి కాదు. మా గురించే.

ఆ మధ్య ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, దాని మీద పల్చటి చీరబట్ట వేసి, నమూనా ఒక్కటే అద్దాం. కొన్నాళ్ళకే అదే తీగ, అదే జంట నెమళ్ళు బందర్లో ఓ కొట్టు ముందు వేలాడాయి. ఆర్డరిచ్చినాయన సరుకు వద్దన్నాడు. యజమాని మమ్మల్నందరినీ నిలబెట్టాడు.

"మీలో ఎవరో అమ్మేశారు. పొద్దుటికి చెప్పకపోతే పోలీసుల్ని పిలుస్తాను. పిన్నీ, ఉతికే దగ్గర మీ కోడలు ఒక్కత్తే కదా ఉండేది?"

"ఉంటే? అది దొంగా?"

"నేనన్నానా?"

"ఇంకేం మిగిల్చావు బాబూ అనడానికి?"

అని విసురుగా ఇంటిదారి పట్టాను. గడపలో అడుగుపెట్టి అక్కడే ఆగిపోయాను. మనవరాలి ఉయ్యాల మీద ఆ నెమళ్ళే. పైబట్టలోంచి రంగు దిగి, అడుగున పరిచిన గుడ్డకి మసకగా అంటుకున్న నెమళ్ళు. రోజూ చూస్తున్న ఉయ్యాలే. గుడ్డ అనుకున్నాను తప్ప బొమ్మ చూడలేదు.

"ఇదెవరిచ్చారే?"

"అమ్మగారు, అత్తయ్యా. నేను మళ్ళీ పనికొచ్చిన రోజు."

బాలింత పనికి తిరిగొస్తే బల్ల మీంచి తీసిన అడుగు గుడ్డ యజమాని భార్య బిడ్డ ఉయ్యాలకివ్వడం మా షెడ్డులో ఎప్పటినుంచో ఉన్నదే.

"ఎవరు చూశారు?"

"చుట్టాలంతా చూశారు. బందరు బాబాయి ఫోటో కూడా తీసుకున్నాడు."

బందరు బాబాయిది బట్టల కొట్టు. అది అన్నాక దానికే అర్థమై ముఖం పాలిపోయింది.

"పొయ్యిలో పెట్టేద్దాం అత్తయ్యా!"

"నోర్ముయ్. కాల్చామంటే మనమే దొంగలం."

పొద్దున్నే ఆ గుడ్డ చంకన పెట్టుకుని వెళ్ళి యజమాని ముందు పరిచాను. ఎలా వచ్చిందో, ఎవరు ఫోటో తీశారో చెప్పాను. ఆయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ గుడ్డ అంచు తిప్పి చూసింది. ఇవ్వలేదు అంటే చాలు, నా కోడలి బతుకు స్టేషనుపాలు.

"నేనే ఇచ్చానండీ," అంది చివరికి. "ఎప్పుడూ ఇచ్చేదేగా. బొమ్మ చూసుకోలేదు."

పోలీసులు రాలేదు. ఆర్డరూ తిరిగి రాలేదు. బోర్డు మీద ఇంకో వాక్యం చేరింది: "గుడ్డ పేలిక కూడా బయటికి తీసుకుపోరాదు." సాయంత్రం గుమ్మం దగ్గర అమ్మగారే సంచులు వెతుకుతుంది. మొదట వెతికేది నా కోడలిదే. అందులో అన్నం గిన్నె తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఆవిడ చెయ్యి బయటికొచ్చేదాకా నేను ఊపిరి తీసుకోను.