ఓడలో తిన్న ఉండలు

ఆ వంట పేరేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. కూర అందామంటే తియ్యగా ఉంటుంది, మిఠాయి అందామంటే మాంసం. కంచంలో అన్నం పక్కన వెయ్యాలా, భోజనం అయ్యాక చేతిలో పెట్టాలా అన్నది కూడా తేల్చుకోలేకపోయాను. అయినా కొన్నేళ్ళపాటు గోపాలపట్నంలో మా ఇంట్లో బుధవారం రాత్రి అదే వంట.

దీనికంతటికీ మూలం మా ఆయన పళ్ళు. పోర్టులో కలాసీగా బస్తాలు మోసి రిటైరైన మనిషి. మిగిలిన పళ్ళు కూడా కదిలిపోతుంటే డాక్టరు వాటినీ పీకేశాడు. చిగుళ్ళు గట్టిపడితే గాని కట్టుడు పళ్ళు పెట్టనన్నాడు. ఆ రోజు నుంచి మా ఆయన కంచం దగ్గరికి రావడం మానేశాడు. ఎముక కొరికి మూలుగ పీల్చిన మనిషి, జావ గిన్నె పట్టుకుని వీధి అరుగు మీదికి పోయి గోడవైపు తిరిగి తాగేవాడు. సగం తాగి, సగం వీధి కుక్కకి పోసేవాడు. అది నా కంట పడింది. తిండి పారబోస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తిడదామని వెళ్ళాను. బస్తాలు మోసిన ఆ భుజాలు చొక్కాలో ఎక్కడున్నాయో తెలియలేదు. చొక్కా మేకుకి తగిలించినట్టు ఉంది. లోపలికి వచ్చేశాను. ఇలాగే తినకపోతే మనిషి దక్కడని డాక్టరు మా అబ్బాయిని పక్కకి పిలిచి చెప్పాడు.

అబ్బాయిది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. రాత్రి భోజనానికి ఇంట్లో ఉండేది తక్కువ. కోడలు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో పని చేసి, చీకటి పడ్డాక బస్సు దిగేది. ఒక సాయంత్రం చెప్పులైనా విప్పకుండా అరుగు మీద ఆయన పక్కనే కూర్చుంది.

"మావా, జావొద్దు, కూడొద్దు అంటన్నావ్. నీకేటి తినాలనుందో అదైనా సెప్పు."

ఆయన జావ గిన్నె పక్కన పెట్టాడు.

"ఒకపాలి ఓడలో తిన్నానమ్మీ. మాంసం ఉండలు. తియ్యగున్నాయి, కారంగున్నాయి. పైన బెల్లం పాకం పోసినట్టు తళతళలాడతన్నాయి. వానొచ్చి ఓడ మూతలు ఏసేసేరు, పనాగిపోనాది. ఓడ వంటోడు పిలిచి పళ్ళెం సేతిలో ఎట్టేడు. నమలక్కర్నేకపోనాది."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఓడ మాటగాని, ఆ ఉండల మాటగాని నేను వినలేదు.

"ఏ మాంసం?" అన్నాను గుమ్మంలోంచి.

"అడగనేదు."

"అడగనేదా? ఆడు ఏ దేశపోడో, ఏటి కోసేడో..."

"అడిగితే తినగలనేటే?"

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. మన ఇంట్లో మేక మాంసమే అని చెప్పేశాను. తక్కిన వివరాలు అడిగితే ఉన్న మతి పోయింది. పుల్లగా ఉందా అంటే మొదట లేదన్నాడు, తర్వాత ఉందన్నాడు. ఉల్లిపాయ తగిలిందా అంటే, "ఉల్లిపాయో ఏటో" అన్నాడు. వంటవాడు ఒకసారి తెల్లదొర, ఇంకోసారి చీనావాడు. అయినా మనిషి నోటితో ఫలానాది కావాలని అడిగాడు. అదే చాలనుకున్నాను.

బుధవారం మెత్తటి మాంసం తెప్పించాను. కొట్టువాడి కైమాలో కొవ్వెంతో కండెంతో మనకి తెలియదు, అందుకని నేనే పీట మీద కత్తితో కొట్టుకున్నాను. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప, పుట్నాల పొడి కలిపి, ఉసిరికాయంత ఉండలు చుట్టి, కాస్త నూనెలో దొర్లించి వేయించాను. అక్కడిదాకా బాగానే ఉంది.

పాకం దగ్గర వచ్చింది చిక్కు. మా ఇంట్లో పాకం మూకుడు దేవుడి ప్రసాదాలకి. అందులో మాంసం పడనివ్వను. ఉండలు తీసేసి, వాటిని వేయించిన అల్యూమినియం గిన్నెలోనే బెల్లం కరగబెట్టాను. బుద్ధెరిగాక నేను పాకం పట్టింది అరిసెలకీ నువ్వుండలకీ. తళతళలాడాలంటే ముదురు పాకమే కదా అనుకున్నాను. నీళ్ళ పళ్ళెంలో వేసిన చుక్క ఉండకట్టి, పళ్ళేనికేసి కొడితే టంగుమనేదాకా ఆగాను. అప్పుడు ఉప్పూ కారం చల్లి, ఉండలు వేసి తిప్పి దించాను. నిజంగానే అద్దంలా మెరిశాయి. నాకే ముచ్చటేసింది.

కోడలు బస్సు దిగి వచ్చేసరికి అవన్నీ ఒకదానికొకటి అతుక్కుని రాయైపోయాయి. గరిటె దిగలేదు. అట్లకాడ వంగింది. పప్పుగుత్తి తిరగేసి పిడితో కొట్టడం మొదలుపెట్టాను.

"అత్తా, ఇది తినడానికా, ఇల్లు కట్టడానికా?"

"మాటలాపి తిను. బెల్లం ఊరకే వచ్చిందేటి?"

ఒకటి కొరకబోయి చెంప పట్టుకుంది. "మావ పళ్ళు పీకిన డాక్టర్నే నాకూ సూపించు," అంది.

ఆ చప్పుడికి ఆయన అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. "ఏటది, గోడ పడగొడతన్నారా?" అన్నాడు. విరిగిన ఉండ ఒకటి తీసుకుని బుగ్గన పెట్టుకున్నాడు. పళ్ళున్న వాళ్ళకే కొరుకుడు పడనిది ఈయనేం తింటాడు అనుకున్నాను. ఆయన కొరకనే లేదు. పీట లాక్కుని మా మధ్య కూర్చుని, తీర్థంలో కొన్న బెల్లం జీడిలా చప్పరించడం మొదలుపెట్టాడు. ఆ బుగ్గ పొంగేది, ఈ బుగ్గ పొంగేది. పాకం కరిగి లోపలి మాంసం వచ్చేదాకా ఆయనకేమీ తొందర లేదు. పళ్ళున్న మేమిద్దరం చేతులు కడుక్కోకుండా చూస్తూ కూర్చున్నాం.

"ఇది కాదే," అన్నాడు మింగి. "అది మెత్తగుంటాది."

అని చెయ్యి చాపాడు. "ఇంకోటియ్యి."

కాదంటాడు, ఇంకోటి ఇమ్మంటాడు. ఏమనుకోవాలో తెలియక ఇచ్చాను.

మరుసటి బుధవారం చింతపండు రసంలో బెల్లం, మిరియాలు, ఎండుమిరప కారం వేసి మరిగించాను. పులుసు కంటే చిక్కన, పాకం కంటే పలచన. గరిటెకి పట్టుకుని నెమ్మదిగా జారుతున్నప్పుడు ఉండలు వేసి, మూత పెట్టి ఆపేశాను. అన్నం వార్చేలోపే అయిపోయింది, గ్యాసు కూడా కలిసొచ్చింది. ఆయన వేళ్ళతో చిదిపి అన్నంలో కలుపుకున్నాడు.

"ఇది కాదే. ఇది మన పులుసులాగుంది."

కంచంలో మెతుకు మిగల్లేదు.

ఆ తర్వాత వారం, కోడలు ఎప్పుడెప్పుడో తెచ్చిన పఫ్‌లతో పాటు ఇచ్చిన టమాటా సాసు పొట్లాలన్నీ తీశాను. వాటిని పారెయ్యకుండా డబ్బాలో దాచి ఉంచాను. అన్నీ కత్తిరించి పిండితే మంచి నిగారింపు వచ్చింది. "కొంచెం దగ్గిరకొచ్చింది. గాని ఇది కాదు," అన్నాడు. ఉల్లిపాయ నూరి వేశాను, కాదు. అల్లం ఎక్కువ చేశాను, కాదు.

"ఏది కాదో సెప్తన్నావు గాని, ఏదో సెప్పవేటి?" అని ఒకరోజు అరిచాను.

"తింటే నాకు తెలుత్తాది. నువ్వు సెయ్యి," అన్నాడు.

జావ కోసం వచ్చే కుక్క కొన్నాళ్ళు చూసి పక్కింటి గుమ్మానికి మారిపోయింది. చొక్కాలో భుజాలు మెల్లగా కనబడ్డాయి.

కట్టుడు పళ్ళు వచ్చిన వారం, ఇక ఈ గొడవ వదిలిందని ఎముకలతో మాంసం తెచ్చి ఇగురు పెట్టాను. ఆయన కంచం ముందు కూర్చుని గిన్నెలోకి చూశాడు. పళ్ళు తీసి గ్లాసు నీళ్ళలో వేశాడు.

"బుధవారం కదేటి? ఉండలేవి?"

అసలా ఓడ ఉండలు నిజమేనా అని అప్పుడు నాకు అనుమానం మొదలైంది. ఆయనతో కలిసి బస్తాలు మోసిన మనిషి ఒకాయన పెందుర్తిలో ఉండేవాడు. నన్ను అక్క వరసన అప్పా అని పిలిచేవాడు. ఒక బుధవారం చూడ్డానికి వస్తే ఇద్దరికీ కంచాలు పెట్టి, ఇదే సమయమని అడిగాను.

"తమ్ముడూ, వానకి పనాగినప్పుడు ఓడలో మీకెట్టిన మాంసం ఉండలు ఎలగున్నాయో నువ్వైనా సరిగ్గా సెప్పు."

పెందుర్తి ఆయన ముద్ద ఆపాడు. "మాంసం ఉండలేటప్పా? మనకెవుడెట్టేడు? వానొత్తే గోనెసంచి కప్పుకుని కూకునేవోళ్ళం. టీ నీళ్ళు పోత్తే అదే గొప్ప."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కంచంలోంచి తలెత్తలేదు.

"నీకెట్టనేదు బావ. నాకెట్టేడు."

"నీకెట్టి నాకెట్టకపోతే ఆ ఓడని నాను కదలనిత్తునా?"

"నువ్వప్పుడు తొంగున్నావు."

ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు తెలియదు. పెందుర్తి ఆయన మరిచిపోయాడో, ఆ ఓడే లేదో, లేని దాని కోసం మా ఆయన ఇన్ని బుధవారాలు నన్ను పొయ్యి చుట్టూ తిప్పాడో. తిట్టాలంటే ఎవర్ని తిట్టాలో తెలియక, గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"ఏమాటకామాట అప్పా, బాగుంది. ఇంకో రెండెయ్యి," అని పెందుర్తి ఆయన కంచం జరిపాడు.

మా ఆయన గిన్నె తన వైపు లాక్కున్నాడు.

"ఇది కాదే," అన్నాడు నాతో. "ముందు నాకెయ్యి."

వేశాను.