అవ్వ కింద నా ఉపన్యాసం

ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు ఆగకముందే అందరూ కిటికీల్లోంచి సీట్ల మీద తువ్వాళ్లు వేశారు. చేతిలో తువ్వాలు లేక నేను నా ఉపన్యాసం కాగితాల కట్ట వేశాను. డిగ్రీ మొదటి ఏడాది. ఆ రోజు తరగతిలో అందరి ముందూ మాట్లాడితేనే మార్కులు. పది రోజులు లైబ్రరీలో కూర్చుని రాసుకున్నాను. ఎక్కి చూస్తే ఆ కట్ట మీద ఒక అవ్వ, ఒళ్లో మూటతో.

"అమ్మా, ముందుగా స్థానం నిర్దేశించుకున్నవారికే అందులో ఆసీనులయ్యే హక్కు ఉంటుంది" అని మొదలుపెట్టాను.

అవ్వ బుద్ధిగా వింది. కదల్లేదు. ఇంకో రెండు వాక్యాలు చెప్పాను.

"బాగ సదివినాడు పిల్లోడు" అంది పక్కామెతో. బస్సంతా నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. "అవ్వా! నా కాగితాల మీద కూసున్నావు, లెయ్యి!"

"అయ్యో, ఆ మాట ముందే సెప్పేదానికేమప్పా?" చప్పున లేచి, కాగితాలు కొంగుతో తుడిచి ఇచ్చి, మళ్లీ కూర్చుంది. "కాగితాలకు యాడన్నా సీటిస్తారా?"

నిలబడే ఆదోని చేరాను.

తరగతిలో నలిగిన కాగితం విప్పి, మొదటి వాక్యం చదవబోతూ తలెత్తాను. అందరూ ఆ అవ్వలాగే బుద్ధిగా చూస్తున్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మామూలు మాటల్లోనే మొదలుపెట్టాను.

చదవని ఆ మొదటి వాక్యం మంచిదనే ఇప్పటికీ అనుకుంటాను.