పెళ్లికి రాని సాక్షి

మా బావగారు మా ఇంటి గడప తొక్కడానికి పదకొండేళ్లు పట్టింది. నాకు ఇంగ్లండులో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం ఖాయమైందని తెలిశాక మాత్రం నాలుగు రోజులే పట్టింది.

ఆయన నా భర్తకు అన్న. బీబీపేట దగ్గరి ఊళ్లో పొలం, రెండు బోర్లు, ఒకసారి వార్డు మెంబరుగా గెలిచానన్న గర్వం, ఇవి ఆయన ఆస్తులు. కామారెడ్డిలో మేముండే రెండు గదుల కిరాయి ఇల్లు ఎక్కడుందో ఆయనకు తెలియదనుకునేదాన్ని. దారి ఎవరినీ అడగకుండా, అరటిపండ్ల సంచి బండికి తగిలించుకుని, సరిగ్గా మా తలుపు ముందే ఆగాడు. వెనక నుంచి మా తోటికోడలు దిగింది.

నా పెళ్లప్పుడు ఆయన ఏమన్నాడో ముందు చెప్పాలి. లేకపోతే ఆ అరటిపండ్ల రుచి మీకు తెలియదు.

మాది ఎల్లారెడ్డి. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పక్షవాతంతో మంచాన పడింది. నేను బడికి పోతే ఆమెకు మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. అందుకని బాపు పొలానికి పోయే ముందు ఒక గంట, వచ్చాక ఒక గంట నాకు చదువు చెప్పేవాడు. అమ్మ దిండు కింద ఉండే స్తోత్రాల పుస్తకమే నా మొదటి వాచకం. పదో తరగతి ప్రైవేటుగా కట్టి రాశాను. వీపున పుండ్లు పడకుండా మనిషిని గంటగంటకూ ఎలా పక్కకు తిప్పాలో నాకు పదేళ్లకే వచ్చు. తర్వాత నర్సింగు క్లాసులో అదే పాఠం చెబుతుంటే, దేవుడు నాకు ముందే చెప్పి పంపించాడనుకున్నాను. ఆ దయకు ఈనాటికీ పొద్దున లేవగానే దండం పెట్టుకుంటాను.

మా బావగారికి ఇందులో దేవుడు కనిపించలేదు.

"బడి మొఖం చూడని పిల్ల. మొగోళ్ల ఒళ్లు తుడుస్తది, రాత్రిళ్లు ఇంట్ల ఉండది. గామెను తెచ్చుకుంటె మన ఇండ్లల్ల నీళ్లెవ్వలు తాగుతరు?" అన్నాడట తమ్ముడితో. అక్కడితో ఆగలేదు. ఆ పెళ్లికి తమ వాళ్లు ఎవరు పోయినా వాళ్లకు ఇక తన ఇల్లు లేదని పదిమందిలో చెప్పాడు.

పెళ్లి ఎల్లారెడ్డిలో మా ఇంటి వాకిట్లోనే జరిగింది. మొత్తం ఇరవైమందిమి. మగపిల్లవాడి వైపు నుంచి ఇద్దరే వచ్చారు. ఒకరు మా ఆయన స్నేహితుడు. రెండోది మా ఆడబిడ్డ, మా ఆయనకు అక్క, బావగారికి చెల్లెలు. పిట్లంలో ఇచ్చారామెను. పిల్లవాడిని డాక్టరుకు చూపిస్తానని ఇంట్లో చెప్పి, వాణ్ని చంకనేసుకుని దొంగచాటుగా వచ్చింది. ఈ సంగతి అప్పటి నుంచి మేం ముగ్గురం ఎక్కడా అనలేదు.

ఇప్పుడు అరటిపండ్లకు వద్దాం.

"ఏం మరదలా, మంచిగున్నవా? పిల్ల మంచిగ సదువుతుందా?" అంటూ ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అంతకుముందు ఆయన నన్ను ఏ వరసతోనూ పిలిచింది లేదు. మా తోటికోడలు ఇంకో అడుగు ముందుకేసింది. ఒక చుట్టాల పెళ్లిలో నేను మంచినీళ్లు అందిస్తే "ఆసుపత్రి చేతులు" అని గ్లాసు కింద పెట్టేసిన మనిషి, ఆ రోజు మా ఇంట్లో రెండుసార్లు చాయ తాగింది.

"ఇంకింత పొయ్యరాదె చెల్లె. నీ చేతి చాయ మస్తుంటది."

చేతులు అవే. ఆసుపత్రీ అదే. పోశాను.

చాయ అయ్యాక బావగారు అసలు మాట తీశాడు. "మా పిల్లగాన్ని గూడ నీ కాయితాలల్ల రాయించు. నీ కొడుకే అని రాస్తె ఏం పోతది? తెల్లోళ్లకేం ఎర్క?"

"బావా, వానికి ఇరవై రెండేండ్లు. నాకు ముప్పై నాలుగు."

ఆయన వేళ్లు మడిచి నిజంగానే లెక్కపెట్టాడు. "అయితె నీ తమ్ముడని రాయించు" అన్నాడు.

నా తమ్ముడు మా ఆయనను చిన్నాయన అని పిలుస్తాడన్నమాట. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. నేను అరటిపండు ఒలిచి పాపకు పెట్టాను. పండ్లు మాత్రం బాగున్నాయి, ఉన్న మాట చెప్పాలి.

మాకప్పటికే ఒక చిక్కు వచ్చి పడి ఉంది. మా పెళ్లి రిజిస్టరు చేయించుకోలేదు. మా ఊళ్లల్లో ఎవరు చేయించుకుంటారు? పాపకు పుట్టిన సర్టిఫికెట్ ఉంది గాని, మా ఆయన నా వెంట రావాలంటే మేం మొగుడూ పెళ్లామని ప్రభుత్వం కాగితం మీద చెప్పాలి. అది లేకపోతే నేనొక్కదాన్నే పోవాలి, తండ్రీకూతుళ్లు ఇక్కడ ఉండాలి. నెలాఖరులోగా పంపమని హైదరాబాదు ఏజెన్సీ అమ్మాయి చెప్పింది. ఎల్లారెడ్డిలో కాగితాలు రాసే ఆయన దగ్గరికి పోతే, పెళ్లికి వచ్చిన ముగ్గురు సాక్షులు కావాలి, అందులో మొగపిల్లవాడి దిక్కు మనిషి ఒక్కరన్నా ఉండాలన్నాడు. పెళ్లి చేసిన పంతులుగారున్నారు. నాతో ఆసుపత్రిలో పనిచేసే ఆయమ్మ ఉంది. మూడోవాడు కావలసిన స్నేహితుడు దుబాయిలో ఉన్నాడు. బాపు లేడు, ఉన్నా ఆయన నా దిక్కు మనిషే.

మా ఆయన ఆ రోజే ఈ మాట అన్న చెవిన వేశాడు. కాలి మసైన మోటారును విప్పి, వైరు చుట్టి, మళ్లీ నీళ్లు తోడించగల మనిషి ఆయన. అన్న ముందు మాత్రం ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో తెలియదు.

"గింతేనా? నేనుంట తియ్యి" అన్నాడు బావగారు. "అన్న లేకుంట తమ్ముని పెండ్లి అయితదా?"

అయింది. నేను చూశాను.

"మీరు రాలేదు గద బావా" అన్నాను.

"వచ్చుడు, రాకపోవుడు కాయితాలల్ల కనిపిస్తదా మరదలా?" అని నవ్వాడు. మా తోటికోడలూ నవ్వింది. పోతూ పోతూ మా ఆయన ఫోన్లో ఉన్న మా పెళ్లి ఫోటో పంపించుకున్నాడు, చూసుకోవాలని ఉందట.

ఎందుకో వారానికి తెలిసింది. ఊరి చౌరస్తాలో ఫ్లెక్సీ వేయించాడు. మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చిన రైతు ఒకాయన దాన్ని ఫోన్లో తీసుకొచ్చి చూపించాడు. "ఇంగ్లండు వెళ్తున్న మా ఇంటి ఆణిముత్యానికి శుభాకాంక్షలు" అని పైన అక్షరాలు. కింద మా పెళ్లి. మా ఆయన నా మెడలో పుస్తె కడుతున్నాడు. పక్కన మా బావగారు, ఆయన పక్కన మా తోటికోడలు, అక్షింతలు వేస్తున్నట్టు చేతులెత్తి నిలబడి ఉన్నారు. వార్డు ఎన్నికలప్పటి నీలం చొక్కా. ఆయన తల ఒక్కటే మా ఇద్దరి తలలంత ఉంది. నడుము దాకా వచ్చి అక్కడ మాయమయ్యాడు, కాళ్లు లేవు. మా తోటికోడలు కట్టింది పోయిన ఏడు కొన్న చీర. నా పేరు కింద "ఉన్నత విద్యావంతురాలు" అని రాయించాడు. బడి మొఖం చూడని పిల్లకు ఆయన చేసిన సన్మానం అది.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. "ఆఫీసుల గీ ఫోటోనే ఇయ్యి. నేనున్నట్టు సాక్ష్యం గూడ అయితది."

ఏజెన్సీ అమ్మాయిని అడిగాను. "మేడం, మార్చిన ఫోటో గాని, అబద్ధపు సాక్ష్యం గాని ఒక్కటి దొరికినా మీ ముగ్గురి ఫైలూ మూసేస్తారు. మళ్లీ అడగనివ్వరు" అంది. కోరుకున్నదంతా ఒక నీలం చొక్కా మీద ఆధారపడి ఉందని తెలిసినప్పుడు మనిషికి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మా ఆయనతో ఆ రోజు గట్టిగానే మాటలయ్యాయి.

"అన్న ఇన్నేండ్లకు కలిసిండు. ఒక్క సంతకమే గద" అన్నాడు.

"ఫైలు సంగతి అటుంచు. దేవుని ముందట అయిన పెండ్లి అది. రాని మనిషి వచ్చిన అని సంతకం పెడితె నేనొప్పుకోను."

"మరి ఎవలున్నరు? నువ్వే చెప్పు."

ఎవరున్నారో ఇద్దరికీ తెలుసు. బతుకమ్మకు ఏటా అన్న వచ్చి పిలుచుకుపోతేనే మా ఆడబిడ్డకు పుట్టిల్లు. అమ్మానాన్నలు పోయాక ఆమెకు మిగిలింది ఆ ఒక్క గడపే. సాక్షి సంతకం పెడితే అదీ పోతుంది. నా కుటుంబం కలిసి ఉండడానికి ఆమె పుట్టిల్లు అడిగే నోరు నాకు లేదు.

అడగక్కర్లేకుండా మా బావగారే పని చేసిపెట్టాడు. ఆ ఫ్లెక్సీ ఫోటోను చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపాడు. మర్నాడు పొద్దున్నే పిట్లం నుంచి ఫోన్.

"ఓ పిల్లా! ఫోటో చూసినవా? మా అన్న నా చెయ్యి పక్కనే నిలబడ్డడు గదనే!"

పెళ్లిలో రెండో ముడి, మూడో ముడి వేసింది ఆమే. ఫోటో తీస్తున్నారని నా వీపు వెనక దాక్కుంటే, మెడ దగ్గర ఒక్క చెయ్యి మాత్రం పడింది.

"ఏటా రాఖీ కట్టే చెయ్యి. ఎవ్వలదో గుర్తువట్టనే లేదు చూడు! సాక్షి గావాల్నని తమ్ముడు చెప్పిండు. నేనొస్త."

"వద్దు వదినె. బతుకమ్మకు మీకు ఇల్లుండది."

"ఉండి ఏమిస్తుండే? ఒక చీర పెడ్తడు. ఏడాదంత ఆ చీర ముచ్చటే చెప్తడు. ఏ రోజో చెప్పు, మా ఆయనకు వండిపెట్టి రావాలె."

ఆ రోజు ఎల్లారెడ్డి రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర పంతులుగారు కర్ర పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. ఆయమ్మ తమలపాకు నములుతోంది. ఎవరూ పిలవకపోయినా బావగారు ఇస్త్రీ బట్టల్లో, చంకలో ఫైలుతో, మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. ఎదురుపడ్డ ప్రతివాడికీ "మా తమ్ముని పెండ్లి పని" అని చెబుతున్నాడు. అప్పుడు బాన్సువాడ బస్సు దిగి మా ఆడబిడ్డ వచ్చింది.

"నువ్వెందుకొచ్చినవ్ చెల్లె?"

"సాక్షికొచ్చిన."

"నీకేం పని? నువ్వేమన్న పెండ్లికి పోయినవా?"

"పోయిన. నువ్వు పోయినవా అన్న?"

ఆయన ఫైలును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. ఆయమ్మ అందుకుంది. "బువ్వ నేనే వడ్డించిన పటేలా. పప్పు రెండుసార్లు ఏయించుకున్నది."

"మా అన్నకు గవన్ని ఎందుకవ్వా" అంది మా ఆడబిడ్డ.

ఆయన మొహం ఎర్రగా అయింది. "ఇంక నీకు మా ఇల్లు లేదు" అన్నాడు మెల్లగా. మా ఆయన "అన్నా" అని ఒకడుగు వేశాడు. మా ఆడబిడ్డ చేయి అడ్డం పెట్టింది.

"తెలుసన్న. పదకొండేండ్ల కిందనే చెప్పినవ్ గద. ఫ్లెక్సీల నుంచి నన్ను గూడ తీసేయిస్తవా? చెయ్యే గద ఉన్నది."

బెంచీ మీద ఎవరో నవ్వారు. బావగారు ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. అందులో ఏమున్నాయో ఇప్పటికీ తెలియదు. బహుశా నాకు తమ్ముడు కాబోయిన ఆయన కొడుకు కాగితాలు.

లోపల ఒక్కొక్కరినే అడిగారు, పెళ్లికి వచ్చారా అని. ముగ్గురూ "వచ్చిన" అన్నారు. అందులో అబద్ధం లేదు. మా ఆడబిడ్డ నాలుక పళ్ల మధ్య బిగించి, ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు అమ్మ పుస్తకం ముందు దీపం పెట్టి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. మా బావగారికి మంచిబుద్ధి ఇవ్వమని మాత్రం అడగలేదు. దేవుడిని ప్రతిదానికీ ఇబ్బంది పెట్టకూడదు. ఫ్లెక్సీని ఆయన ఇప్పుడు బర్రెల కొట్టం మీద కప్పాడని విన్నాను. నాకు తెలిసి ఆయన చేయించినవాటిలో ఒక ప్రాణికి పనికొచ్చింది అదొక్కటే.

ఆయన అన్నంత పనీ చేశాడు. బతుకమ్మకు చెల్లెలిని పిలవలేదు. మేమే పిట్లం పోయి తీసుకొచ్చాం. మా రెండు గదుల్లో సగం అప్పటికే సూట్‌కేసులు. వాటి మధ్య కూర్చుని ఆమె, పాప తంగేడు పూలు పేర్చారు. ముగ్గురికీ వీసాలు వచ్చేశాయి, వచ్చే నెలలో ప్రయాణం.

"వచ్చే ఏడు యాడికి రావాలెనే పిల్లా నేను?" అంది పూల మీదినుంచి తల ఎత్తకుండానే.

దానికి ఏం చెప్పాలో నేను చాలా రోజులుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఈ ఇల్లు ఖాళీ చేయొద్దని, ఏటా ఆమె వచ్చి ఉండేలా కిరాయి కడుతూ ఉంచుదామని మా ఆయనను ఒప్పించాను కూడా. చాలా గొప్ప పని చేస్తున్నాననే అనుకున్నాను. తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేనే తాళం తీసుకొని, నేనే బొట్టు పెట్టుకొని, నన్ను నేనే పిలుసుకోవాల్నా? మా అన్న చీర ఇచ్చి పంపుతుండె. నువ్వు తాళంచెవి ఇచ్చి పంపుతున్నవ్. ఏం ఫరకున్నదే?"

ఇన్నాళ్లూ ఆయన గురించి నేను అనుకున్న మాటలన్నీ వచ్చి నా ఎదురుగా కూర్చున్నట్టనిపించింది. లోపలికి పోయి, ఆమె కోసం కొన్న చీర కూడా తెచ్చి ఒడిలో పెట్టాను. రంగు బాగాలేదంది. రెండూ సంచిలో వేసుకుంది.