తలకు నీళ్లు పోసేటప్పుడు

మొన్న నెల్లూరులో మా ఆసుపత్రికి ఒక కొత్త యంత్రం వచ్చింది. పలకలాంటి దాని మీద బిడ్డను నిలబెడితే ఒళ్లు ఎటు ఎంత తూలుతోందో తెర మీద గీతలుగా చూపిస్తుంది. నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఎంతో సంబరంగా వెంకటాచలం నుంచి వచ్చిన పిల్లవాణ్ణి దాని మీద నిలబెట్టి, గీతలు చూసి, అంతా బాగానే ఉందని ఫైలు మూసేసింది. పక్కనే ఉన్న వాడి తల్లి ఏదో చెప్పబోయి ఆగిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయి మీద కాదు, ఆ వయసులో ఉన్న నా మీద.

అప్పట్లో నేను పిల్లల నరాల జబ్బుల్లో, అందులోనూ నడకలో తూలుడు వచ్చే జబ్బుల్లో పరిశోధన మొదలుపెట్టిన కొత్త. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లెకు బస్సు దిగి, నడిచి, చివరికి పడవెక్కి చేరేదాన్ని. చీర కుచ్చిళ్లు తడవకుండా పడవ దిగడం నాకు ఏనాడూ చేతకాలేదు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడే బిడ్డకు తూలుడు జబ్బు ఉందేమోనని అనుమానించమని మా పుస్తకాల్లో ఉంటుంది. ఆ పల్లెలో పిల్లలందరూ అలాగే నిలబడ్డారు. నేను పొంగిపోయి, ఊరు ఊరంతా జబ్బని రాసుకొచ్చి మా ప్రొఫెసరుగారి ముందు పెడితే, ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, నడక రాకముందే పడవలో నిలబడడం నేర్చే పిల్లలు మరెలా నిలబడతారమ్మా అన్నారు.

ఆ నవ్వు నాకు బాగా గుచ్చుకుంది. రెండోసారి వెళ్లినప్పుడు ప్రతి బిడ్డ పేరు పక్కనా 'పడవ అలవాటు' అని గబగబా రాసుకుంటూ పోయాను. వరసలో చివరగా ఆరేళ్ల పాపను నిలబెట్టిన తల్లి మాత్రం నన్ను కదలనివ్వలేదు.

"మా పిలకాయలు నిలబడేది అట్టే గానీ, నడిచేటప్పుడు కాళ్లు దగ్గరికొస్తాయి డాక్టరమ్మా. దీనికి రావు. తలకు నీళ్లు పోసేటప్పుడు కండ్లు మూసుకుందంటే కూలబడిపోతాది, చూడండి."

చూడలేదు. మళ్లీ నవ్వులపాలు కాకూడదన్న పంతంలో ఆ పాప పేరు పక్కనా అదే మాట రాశాను.

ఆరు నెలలకు ఆ తల్లి పాపను చంకనెత్తుకుని బస్సులో నెల్లూరు వచ్చింది. కళ్లు మూసుకుని నిలబడమంటే పాప నా చేతుల్లోకి కూలిపోయింది. ఒంట్లో ఒక విటమిను నిలవక నరాలు దెబ్బతినే అరుదైన జబ్బు అది. కళ్లతో చూసుకుంటూ ఎలాగో నిలబడతారు, కళ్లు మూస్తే కాళ్లు ఎక్కడున్నాయో తెలియదు. మందు వేస్తే ముదరకుండా ఆగుతుంది గాని, అప్పటికే పోయినదంతా తిరిగి రాదు. నేను రాసిన మాట ఆ తల్లికి చదివి వినిపించి, తప్పు నాదేనని చెప్పాను.

"ఇప్పుడన్నా చూడమ్మా" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆ ఒడ్డు పల్లెలన్నీ తిరిగాను. పిల్లల్ని ముట్టుకునే ముందు తల్లుల పక్కన నేల మీద కూర్చుని, బిడ్డ ఎప్పుడు పడతాడు, ఏం చేస్తూ పడతాడు అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. అది పరిశోధన కాదు, పిచ్చాపాటీ అన్నవాళ్లున్నారు. అననిచ్చాను. ఆ పిచ్చాపాటీ వల్లే మరికొందరు బిడ్డలకు వేళకు మందు పడింది.

ఇప్పుడు ఆ పల్లెకు తారురోడ్డు పడింది, తల్లులే బిడ్డల్ని ఆటోల్లో తెస్తున్నారు. నేను నేల మీద కూర్చోవాల్సిన పని లేదు, మోకాళ్లు కూర్చోనివ్వవు కూడా. యంత్రం మంచిదే, అది అప్పుడే ఉంటే ఎంత బాగుండేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ఆ నేల మీద వినబడిన మాటలు ఈ గదిలో వినబడడం లేదు. ఆనాటి పాప ఇప్పుడు వాళ్ల ఊరి అంగన్‌వాడీలో టీచరు. ఏటా వచ్చి చూపించుకుపోతుంది. తలకు నీళ్లు పోసుకునేటప్పుడు మాత్రం ఇప్పటికీ ఒక చెయ్యి గోడకు ఆనించి ఉంచాలట. ఆ సంగతి తను నవ్వుతూనే చెబుతుంది, నాకు నవ్వు రాదు.

మొన్న ఆ ఫైలు నేనే మళ్లీ తెరిచాను. పరిశోధన చేస్తున్న ఆ అమ్మాయిని కుర్చీ లాక్కుని పక్కన కూర్చోమని, పిల్లవాడి తల్లి వైపు తిరిగి, ఇందాక ఏదో చెప్పబోయావు, చెప్పమ్మా అన్నాను.