మూడు ఖాళీ గళ్లు

ప్రార్థనకు క్రమశిక్షణ కావాలని మాకు నేర్పింది, మా సంఘంలో ఆడవాళ్ల కూటం నడిపే అక్క. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి. ఎవరింట్లో వాళ్లు మోకరించి అరగంట కదలకూడదు. ఆదివారం చర్చి గోడకు వేలాడే అట్ట మీద, మన పేరుకెదురుగా ఉన్న గళ్లలో టిక్కులు పెట్టుకోవాలి.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మా వీధిలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. తమిళనాడు ధర్మపురిలో మాది ఒక గది, ఒక వంటిల్లు; చర్చిలో అంతా తమిళం, ఇంట్లో మాత్రం తెలుగు. ఇంట్లో యేసును నమ్మినదాన్ని నేనొక్కదాన్నే. అక్క నేర్పిన తమిళ ప్రార్థన మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా ఏడాదిన్నర రోజూ చెప్పాను. లోపల గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

ఆ వానాకాలం కారిమంగళంలో ఒక మేడకు సిమెంటు పూస్తుంటే పరంజా విరిగి నాయన కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టేదాకా మూడు రోజులు ఆయన కాలు కదలకుండా పట్టుకోవడమే నా పని.

ఆదివారం అక్క అందరి ముందూ అట్టకేసి వేలు చూపించి, ఈ మూడు గళ్లు ఎందుకు ఖాళీ అని తమిళంలో అడిగింది. చెప్పాను. ఆమె నిట్టూర్చి, మనం ప్రార్థనలో సందు ఇస్తే సైతాను అక్కడినుంచే దూరతాడు, మీ నాయన కాలు నిలబడాలంటే ముందు నువ్వు నిలబడాలి అంది. అందరూ నావైపు జాలిగా చూశారు.

నాయన పడ్డాకే కదా ఆ గళ్లు ఖాళీ అయ్యాయి! అంతకు ముందు ఏడాదిన్నర టిక్కులు ఉన్నాయి కదా, అవి ఎవరిని కాపాడాయి? ఆ మాట అక్కడే అనాల్సింది. అనకుండా తల వంచుకుని వచ్చేశాను. దానికి ఈనాటికీ నా మీద నాకే మంట.

మర్నాడు నాలుగున్నరకు అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. మోకరించాను. నేర్చుకున్న మాటలకు నోరు తిరగలేదు. కోపమంతా ఇంటి మాటలో బయటికొచ్చింది.

"ఏమయ్యా, నీకు కండ్లు లేవా? మా నాయన ఎవురికేం చేసినాడు? దినామూ నీ ముందర మోకాళ్లూనింది దీనికేనా? బదులు చెప్పు!"

నా గొంతు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

ఆసుపత్రిలో నాయనకు గంజి కాస్తున్న అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. చర్చి ఊసెత్తితేనే ఆమెకు గిట్టదు. నేను ప్రార్థన చేసుకునేటప్పుడు ఒక్కనాడూ ఇటు తొంగి చూసింది లేదు.

"ఎవురితో కొట్లాడుతుండావే, ఇంత పొద్దున్నే?"

"దేవునితో."

తిడుతుందనుకున్నాను. కొంగుతో చేతులు తుడుచుకుని, చాప మీద నా పక్కనే కూలబడింది.

"ఆపొద్దు. మీ నాయన మళ్లా నడుస్తాడా, నడవడా, అది గూడా గట్టిగా అడుగు."